హెల్మర్ రైఫిలు ఎందుకు ఆలస్యమైంది

లూయిస్‌టౌన్, మోంటానా
ఏప్రిల్ 29, 1988, శుక్రవారం

చిరంజీవి సిగ్నీకి,

పెదనాన్న, పెద్దమ్మ దీవించి రాసేది. మేమిద్దరం బాగున్నాం. మీ నాన్న కూడా బాగున్నాడని, చలికాలమంతా రాసినట్టే ఈసారీ మొదటి వరుసలోనే రాసేద్దామని కలం పట్టాను గాని, చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఆ మాట కాస్త కిందికి జరిపాను. ముందు మిగతా కబుర్లు చదువు. నీకు ఓపిక ఎక్కువ, అది మీ అమ్మ పోలిక.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు పాఠాలు చెప్పే దీవిలో గాలి తగ్గితేగాని టపా విమానం దిగదని రాశావు. ఆ లెక్కన మన ఊళ్ళో విమానం ఎప్పటికీ దిగేది కాదు. మొన్న గాలికి మన పక్క పొలం క్లారెన్స్ వాళ్ళ కోళ్ళగూడు కప్పు ఎగిరి మా కంచె మీద పడింది. అతనొచ్చి, నా కప్పు నాకిచ్చెయ్యి అన్నాడు. దారిన పోతున్నదాన్ని నేనేం పిలవలేదు, నువ్వే మోసుకుపో అన్నాను. చివరికి ఇద్దరం కలిసే మోశాం.

మీ పెద్దమ్మ మోకాలి గురించి అడిగావు. డాక్టరు నిలబడి పని చెయ్యొద్దన్నాడు. ఆవిడ సరేనని బుర్ర ఊపి, అట్నుంచి అటే చర్చికి పోయి, నేలమాళిగ వంటింట్లో సాయంత్రం దాకా నిలబడి లెఫ్సె రొట్టెలు ఒత్తింది. రాత్రి మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకుని, ఈ డాక్టరుకి ఏమీ తెలీదు అంటుంది.

పైలట్ గురించి కూడా అడిగావు. కుక్క మీ నాన్న దగ్గరే ఉంది. ట్రక్కులో మీ అమ్మ కూర్చునే సీటులో కూర్చుంటుంది. ఎవరు ఎక్కినా జరగదు. నేను ఎక్కితే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవలసిందే. మీ నాన్న దాన్ని దిగమనడు, నేనూ అనను.

నాన్న తింటున్నాడా అన్నావు. మధ్యాహ్నం మా ఇంట్లో తింటాడు. రాత్రికి మీ పెద్దమ్మ గిన్నెలో పెట్టి పంపుతుంది. ఆ గిన్నె మర్నాడు మరీ శుభ్రంగా తిరిగి వస్తోంది, అందుకే అందులో సగం పైలట్ వాటా అని మా అనుమానం. మనిషి చిక్కాడు. చొక్కా కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు పడతాయి.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్నలు మూడు మిగిలాయి. నాన్న రైఫిలు ఇంకా ఎందుకు పూర్తి కాలేదు అన్నది ఒకటి. పెదనాన్నకి చూపు పోతోందని నాన్న రాశాడు, గ్రేట్ ఫాల్స్‌లో పెద్ద డాక్టరుకి చూపించారా అన్నది రెండోది. మూడోది ఉత్తరం అంచున, చోటు లేనట్టు చిన్న అక్షరాలతో రాశావు. నేను ఉద్యోగం వదిలి రానా అని. ఈ మూడింటికీ జవాబు ఒక్కటే. దాన్ని మొదటి నుంచీ చెప్పాలి.

రైఫిలు సంగతి నువ్వే కాదు, ఊరంతా అడుగుతోంది. గింజల దుకాణంలో ఒకాయన నాతో, ఏం ఆర్విడ్, నువ్వు తుపాకి చేస్తున్నావా, చర్చి కడుతున్నావా అన్నాడు. నలభై ఏళ్ళుగా వెయ్యి గజాల గురి పందేలకి రైఫిళ్ళు చేసేవాణ్ణి, సొంత తమ్ముడి రైఫిలుకి ఇంతకాలమా అని వాళ్ళ వింత. నవ్వి ఊరుకున్నాను.

నవంబరులో మీ అమ్మని సాగనంపి, నువ్వు విమానం ఎక్కిన మర్నాడు నేనూ క్లారెన్సూ మీ ఇంటికి వెళ్ళాం. మన వైపు ఆనవాయితీ నీకు తెలిసిందే. ఇంట్లో చావు జరిగి, మిగిలిన మనిషి ఎవరితో మాట్లాడకుండా కిటికీ దగ్గర కూర్చుండిపోతే, ఇద్దరు మగాళ్ళు వెళ్ళి, చలికాలం కదా, నీ తుపాకులకి నూనె వేసి తెచ్చి ఇస్తాం అంటారు. అతను బీరువా తాళంచెవి ఇస్తాడు. ఆ నూనె వేయడం ఆర్నెల్లు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. ఎందుకు తీసుకెళ్తున్నామో అతనికీ తెలుసు, మాకూ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. నీ చిన్నప్పుడు మీ నాన్నే పొరుగువాళ్ళ తుపాకులు అలా తెచ్చి మీ ఇంట్లో పెట్టుకున్నాడు.

మీ నాన్న తాళంచెవి ఇచ్చాడు. తనే ఒక్కొక్కటీ అందించాడు. మేం తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచి, కోళ్ళగూటి దగ్గర నక్కల కోసం పెట్టిన చిన్న తుపాకి కూడా తెచ్చి ఇచ్చాడు. దీన్ని మర్చిపోయారు అన్నాడు. ట్రక్కులో క్లారెన్స్ దారి పొడుగునా దాన్ని ఒళ్ళోనే పట్టుకున్నాడు.

మీ అమ్మ పోయిన ఆ రాత్రి మంచు మీద ట్రక్కు నడిపింది తనేనన్న మాట మీ నాన్న ఇప్పటికీ నోట తేలేదు. కాని దానిలోంచి బయటికి రాలేదు కూడా.

జనవరిలో ఒక పొద్దున మీ నాన్న పొడుగాటి అట్టగొట్టం భుజాన వేసుకుని మంచులో నడుచుకుంటూ నా షెడ్డుకి వచ్చాడు. కిందటి వేసవిలో మీ అమ్మ ఉండగా ఆర్డరు పెట్టిన కొత్త బ్యారెల్ గొట్టం అప్పటికి వచ్చింది. పాత బ్యారెల్ అరిగిపోయి తూటాలు చెదిరిపోతున్నాయని, వాటిని దుర్భిణిలో వెతకలేక తన కళ్ళు లాగేస్తున్నాయని మీ అమ్మే పోరుపెట్టి తెప్పించింది. పందెంలో మీ నాన్న పడుకుని కాల్చేవాడు. పక్కన దుర్భిణి పెట్టుకుని, ఇప్పుడు గాలి ఇంత, ఇప్పుడు ఆగు, ఇప్పుడు కొట్టు అని చెప్పేది ఆవిడ. మీ నాన్న గెలిచిన కప్పుల్లో సగం ఆవిడవే.

"అన్నయ్యా, దీన్ని బిగించి రైఫిలు చేసిపెట్టు" అన్నాడు.

నా ఇరకాటం చూడు సిగ్నీ. నూనె పేరు చెప్పి ఇంట్లోంచి తుపాకులన్నీ పట్టుకొచ్చినవాణ్ణి, ఇప్పుడు నా చేతులతోనే కొత్తది చేసి అతని చేతికివ్వాలి. చెయ్యనంటే ఎందుకో చెప్పాలి. ఆ మాట నేను పైకి అంటే, అతని మనసులో లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందని భయపడ్డాను. సరే, అక్కడ పెట్టు అన్నాను. అతను వెళ్ళాక బ్యారెల్ వంక చూస్తూ పొయ్యి పక్కన కూర్చున్నాను. చాలా మంచి బ్యారెల్. దాన్ని చూసి సంతోషం కలగకపోవడం నాకు అదే మొదటిసారి.

అప్పటి నుంచి నాన్చడం మొదలుపెట్టాను. బ్యారెల్ లోపల తూటా కూర్చునే గది కోసే పనిముట్టు సానకి పంపాను అన్నాను. అది నా సొరుగులోనే ఉంది. తుపాకి కొయ్యకి వాల్‌నట్ చెక్క దిమ్మ ఇంకా ఆరాలన్నాను. అది నేను దాచిపెట్టి పదేళ్ళు. అతను రెండు మూడు రోజులకోసారి వచ్చి, నేను చెప్పింది విని, తల ఊపి వెళ్ళిపోయేవాడు. వంకలన్నీ అయిపోయాక ఒక రోజు ఏం చెప్పాలో తోచక, కళ్ళు మసకబారుతున్నాయిరా, లేత్ కొలత డయలు మీద ముల్లు కనబడటం లేదు అనేశాను.

ఇంతే, నా చూపు పోయిన కథ. నా కళ్ళకి ఏ రోగమూ లేదు. గ్రేట్ ఫాల్స్ డాక్టరుని అతని పాటికి వదిలెయ్.

నేను అనుకున్నది ఏమిటంటే, మీ నాన్న అయ్యో అని, అయితే వసంతంలో చూద్దాంలే అని వెళ్ళిపోతాడని. అతను వెళ్ళలేదు. కోటు విప్పి మేకుకి తగిలించాడు. ఇనుము చెక్కే లేత్ మిషను పక్కన ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు. "ముల్లు నేను చదువుతాను. నువ్వు తిప్పు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. బ్యారెల్‌ని లేత్‌లో పట్టించి, అది ఇసుమంత కూడా ఊగకుండా సరిచేయడం ఎంత విసుగు పనో నువ్వు చిన్నప్పుడు చూశావు. మీ నాన్న కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని డయలు చదివేవాడు. రెండు అనేవాడు. నేను బిగింపు మర కొద్దిగా తిప్పేవాణ్ణి. ఒకటిన్నర అనేవాడు. ఇంకొద్దిగా తిప్పేవాణ్ణి. రోజంతా మా ఇద్దరి మధ్య మాటలంటే ఆ అంకెలే. మధ్యాహ్నం మీ పెద్దమ్మ సూప్ తెచ్చి పెడితే తినేవాడు. నా కళ్ళల్లోకి అనుమానంగా చూసి, నీకు కారు నడపడానికైనా కనబడుతోందా అని అడిగేవాడు. ఆదివారాలు నన్ను చర్చికి తనే తీసుకెళ్ళాడు. అంతకుముందు అతను చర్చి గడప తొక్కి ఎన్ని వారాలైందో.

అబద్ధం ఆడినందుకు నాకు సిగ్గు వేయలేదు. ఆ అబద్ధం పుణ్యమా అని తమ్ముడు పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. సరిగ్గా అయిన పనిని సాయంత్రం అతను వెళ్ళాక కొంచెం వదులు చేసేవాణ్ణి. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి సరిచేసేవాళ్ళం. బ్యారెల్ అయిపోయాక కొయ్య మీద పడ్డాను. ఇనుము కొయ్యలో అతుక్కుని కూర్చోవాలి కదా, ఆ అతుకు రెండుసార్లు బాగానే కుదిరింది, రెండుసార్లూ నేనే పీకేశాను. తర్వాత నూనె పూతలు. ఒక పూత ఆరాక ఇంకొకటి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ ఇంకొకటి. నా పనితనానికి సిగ్గుచేటు. మీ నాన్న ఒక్కసారి కూడా, ఇంకెంతకాలం అని అడగలేదు. ఎందుకు అడగడం లేదో నా మట్టిబుర్రకి ఒక్కనాడూ తట్టలేదు.

కిందటి శనివారానికి చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. రైఫిలు బల్ల మీద పడుకుని ఉంది. ఆ కొయ్య మీద పదమూడు పూతలున్నాయేమో, కిటికీ అందులో కనబడుతోంది. ఇంకో పూత వేస్తే బాగుంటుందేమో అని గొణిగాను. మీ నాన్న పీట మీంచి లేవకుండానే అన్నాడు.

"అన్నయ్యా, నీ కళ్ళు నాకంటే బాగున్నాయి."

మార్చిలో తూటా గది కోసిన రోజు గుర్తుందా అన్నాడు. డయలు మీద ఒక్కో గీతా అంగుళంలో వెయ్యో వంతు. ఇంకా ఎన్ని గీతలు లోపలికి పోవాలో అతను చెబుతుంటే నేను చక్రం తిప్పుతున్నాను. చివర్లో మూడే మిగిలి ఉండగా అతను ఇంకా ఎనిమిది అన్నాడట. నేను మూడు తిప్పి చెయ్యి తీసేశానట. అతను ఏమన్నాడో నేను వినను కూడా లేదు. కళ్ళు ముల్లు మీద ఉన్నాయి, చెయ్యి వాటిని చూసి ఆగింది.

ఒరే, ఎనిమిదీ తిప్పి ఉంటే గది లోతైపోయి బ్యారెల్ పాడయ్యేది కదరా అన్నాను. పాడైతే పాడయ్యేది, నీకు నిజంగా చూపు పోతోందో లేదో నాకు తెలియాలి కదా, నాకింక మిగిలింది నువ్వూ సిగ్నీయే అన్నాడు.

"మరి మార్చి నుంచీ ఎందుకు ఊరుకున్నావు?"

"చెప్పేస్తే పొద్దున్నే లేవడానికి నాకు వంక ఏముంటుంది?"

పీట పక్కన చెక్కపెట్టె ఉంటే దాని మీద కూర్చున్నాను. జనవరిలో అడగవలసిన మాట అప్పుడు అడిగాను. ఇంతకాలం అడగలేకపోయిన మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

"హెల్మర్, నీకు బతకాలని లేదా?"

అతను కొయ్య మీద వేలు రాశాడు. జనవరిలో లేదు అన్నాడు. ఆ రోజు బ్యారెల్ తెచ్చింది పందెం కోసం కాదని, నా మనసు నీకు తెలుస్తుందనే నీ దగ్గరికి తెచ్చానని, నువ్వు కాదంటావని అనుకున్నానని చెప్పాడు. ఇప్పుడో అన్నాను. "కొన్ని పొద్దులు ఉంటుంది. కొన్ని పొద్దులు ఉండదు. ఉండనప్పుడు నీకు ముల్లు చదివిపెట్టాలని గుర్తు చేసుకుంటా" అన్నాడు. నేను ఏడ్చాను. అతనూ ఏడ్చాడు. మీ పెద్దమ్మ సూప్ గిన్నె పట్టుకుని తలుపు దాకా వచ్చి, లోపలికి రాకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం క్లారెన్స్ బీడులో వెయ్యి గజాల దూరాన కాగితం కట్టి రైఫిలు పరీక్ష చూశాం. మీ నాన్న పడుకున్నాడు. మీ అమ్మ చోట దుర్భిణి దగ్గర నేను కూర్చున్నాను. గడ్డి ఊగేది కనబడుతోంది, కాగితం కనబడుతోంది, కాగితం మీద ఈగ వాలినా చెప్పగలను. గాలి ఎంతో మాత్రం చెప్పలేను. ఏదో ఒకటి చెప్పాను. అతను నా మాట నమ్మి కాల్చాడు. కాగితానికి నాలుగు అడుగుల అవతల దుమ్ము లేచింది. మీ నాన్న తల తిప్పకుండా, డెలోరిస్ ఉంటే నిన్ను ఈపాటికి ఇంటికి పంపేసేది అన్నాడు. ఆవిడ పోయాక ఆవిడ పేరు అతని నోట వినడం నాకు అదే మొదలు. ఆ తర్వాత కాల్చలేదు. అలాగే నేల మీద, చెంప కొయ్యకి ఆనించి పడుకుండిపోయాడు. నేనూ లేవమనలేదు.

తిరిగి వచ్చాక ట్రక్కు దగ్గర రైఫిలు వెనక నుంచి బోల్టు లాగి నా చేతిలో పెట్టాడు. అది లేకపోతే మిగిలింది ఉత్త ఇనప గొట్టమే. "ఇది నీ దగ్గర ఉంచు. శనివారం శనివారం వచ్చి తీసుకుంటా, కాల్చాక మళ్ళీ నీకే ఇస్తా" అన్నాడు. ఎక్కబోతూ ఆగి, ఈ బ్యారెల్ ఎన్నేళ్ళు వస్తుంది అని అడిగాడు. నీలా కాలిస్తే మూడు నాలుగు వేసవులు అన్నాను. అరిగిపోతే ఇంకోటి బిగిస్తావా అన్నాడు. బిగిస్తానని చెప్పి, పైలట్‌ని సర్దుతున్నట్టు అటు తిరిగాను. మూడు నాలుగు వేసవుల తర్వాత సంగతి అడిగాడు సిగ్నీ, మీ నాన్న. ఆ మాట పట్టుకుని ఈ వారమంతా గడిపాను.

బుధవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గదిలోకి ఒక్కడే వెళ్ళి చాలాసేపు ఉన్నాడు. మళ్ళీ వచ్చేవారం రమ్మన్నారు. వెళ్తానన్నాడు. గురువారం పొద్దున గడ్డం గీసుకోకుండా వచ్చాడు, సూప్ ముట్టలేదు. ఇది ఇలాగే ఉంటుందని నాకు అర్థమవుతోంది.

అందుకే మొదటి వరుసలో ఆగిన మాట ఇప్పుడు రాస్తున్నాను. మీ నాన్న బాగా లేడు. చలికాలమంతా బాగా లేడు. బాగున్నాడని నీకు రాసిన ప్రతిసారీ, నీకు దిగులు ఎందుకని రాశాను. అడగకుండా ఊరుకుంటే మేలనుకోవడం ఎంత తప్పో నాకు కిందటి శనివారం తెలిసింది. అదే తప్పు నీ విషయంలో ఇంక చెయ్యను.

రానా అన్నావు. రా తల్లీ. ఉద్యోగం వదలక్కర్లేదు, బడి సెలవులు ఇవ్వగానే బయల్దేరు. నాకు చూపుంది గాని గాలి చదవడం రాదు. మీ నాన్నకీ రాదు, ఆ అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. మీ అమ్మ ఆ విద్య నేర్పింది నీ ఒక్కదానికే. నీకు పదేళ్ళప్పుడు బీడులో పక్కన పడుకోబెట్టుకుని, గడ్డి ఏమంటోందో చెప్పు అని అడుగుతుండేది. ఆ దుర్భిణి దగ్గర కూర్చోవలసినదానివి నువ్వు. నేను ఆ చోట కూర్చుంటే మీ నాన్నకి ఆవిడ లేదన్నదే గుర్తొస్తోంది.

బోల్టు మీ పెద్దమ్మ కుట్టుపెట్టెలో, దారపు ఉండల కింద ఉంది. రేపు శనివారం. దానికోసం వస్తానన్నాడు. వాకిట్లో అతని ట్రక్కు చప్పుడు వినబడేదాకా నాకు కాఫీ గొంతు దిగదు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తుండే
పెదనాన్న ఆర్విడ్